అంకె అక్షరమైన దారి: ప్రింట్ఎఫ్ సింహావలోకనం

సి భాష నేర్చుకున్నవాళ్లలో దాదాపు అందరూ మొదట పిలిచిన ఫంక్షన్ ప్రింట్ఎఫ్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో నేర్చుకున్నా, జేఎన్‌టీయూ మొదటి సంవత్సరం ల్యాబులో నేర్చుకున్నా, అమెరికాలో చదువుకున్నా అందరి అక్షరాభ్యాసం దానితోనే జరిగింది. మొదటి రోజు పలకరించిన ఆ ఫంక్షన్‌ను నాలుగేళ్ల చదువు ముగిసేదాకా లోపలికి తొంగి చూడకుండానే వాడేస్తాం. అది కంపైలర్‌తో పాటు వచ్చిన వస్తువనీ, దానిలో మనకు తెలియాల్సిందేమీ లేదనీ అనుకుంటాం. నిజానికి కంప్యూటర్ చరిత్రలో పెద్ద పెద్ద ప్రశ్నలు చాలావరకు ఈ చిన్న ఫంక్షన్ గుమ్మం దాటే వెళ్లాయి. తరం తరానికి ఎవరో ఒకరు తమ అవసరం కోసం దాన్ని సొంతంగా తిరిగి రాస్తూనే వచ్చారు. ఆ తిరగరాతల చరిత్రను ఒకసారి వెనుదిరిగి చూద్దాం.

అచ్చు వేయడమే ఒక సమస్య

మెమరీలో 347 అనే మూడు అంకెలు ఉండవు. 101011011 అనే బిట్ల వరస ఉంటుంది. దాన్ని మనిషి చదవగలిగే మూడు అక్షరాలుగా మార్చాలి, కావలసిన వెడల్పులో కుడివైపుకో ఎడమవైపుకో సర్దాలి, చుక్క తర్వాత ఎన్ని స్థానాలుండాలో చూడాలి. లెక్క కట్టడం యంత్రానికి మొదటినుంచీ తేలికే. ఆ లెక్కను మనిషికి అప్పజెప్పడానికే విడిగా పని పడింది.

ఆ పనికి స్పష్టమైన రూపం ఇచ్చినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది ఐబీఎంలో జాన్ బాకస్ బృందం. ఐబీఎం 704 యంత్రం కోసం వాళ్లు తయారుచేసిన ఫోర్ట్రాన్ 1957లో వాడుకలోకి వచ్చింది. అందులో ఏ విలువలు అచ్చు వేయాలో ఒక వాక్యం చెబితే, ఎలా అచ్చు వేయాలో ఫార్మాట్ అనే వేరే వాక్యం చెబుతుంది. ఐ5 అంటే అయిదు గడుల పూర్ణాంకం. ఎఫ్10.2 అంటే పది గడుల్లో, చుక్క తర్వాత రెండు స్థానాలతో దశాంశ సంఖ్య. విలువ వేరు, దాని వేషం వేరు అన్న ఈ విభజనే ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రింట్ ఫంక్షన్‌కూ పునాది. అయితే అప్పట్లో ఒక మాట అచ్చు వేయాలంటే అందులో ఎన్ని అక్షరాలున్నాయో ప్రోగ్రామరే లెక్కపెట్టి ముందు రాయాలి. లెక్క ఒకటి తప్పితే వాక్యమంతా తప్పేది.

1960లో వచ్చిన కోబాల్ వ్యాపార లెక్కల కోసం ఇంకో దారి పట్టింది. జీతాల పట్టీలో అంకె ఎలా కనిపించాలో పిక్చర్ అనే నమూనాలో గీసి చూపితే చాలు. జెడ్ ఉన్నచోట ముందు సున్నాలు ఖాళీలవుతాయి, కామా పెట్టినచోట కామా పడుతుంది. కామాను ఎక్కడైనా పెట్టుకోవచ్చు కనుక, మన లక్షలు కోట్ల పద్ధతిలో అంకెలు విడగొట్టడం కోబాల్‌కు కష్టం కాలేదు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో భాషల్లో ఇదే పని ఎంత కష్టమైందో ముందు ముందు చూస్తాం.

శాతం గుర్తు పుట్టుక

ఫోర్ట్రాన్, కోబాల్‌లలో అచ్చు పద్ధతి భాషలో అంతర్భాగం. కంపైలర్‌కు దాని గురించి అంతా తెలుసు. కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ 1960ల నడిమిలో రూపొందించిన బీసీపీఎల్ ఈ సంప్రదాయాన్ని మార్చింది. అందులో అచ్చు వేసే పని భాష చేతిలోంచి ఒక మామూలు లైబ్రరీ ఫంక్షన్ చేతిలోకి వచ్చింది. దాని పేరు రైట్ఎఫ్. ఒక వాక్యం ఇస్తాం, అందులో విలువ రావలసిన చోట శాతం గుర్తు పెట్టి, పక్కన ఒక అక్షరంతో ఏ రూపంలో రావాలో చెబుతాం. ఈనాటికీ మనం రాసే % గుర్తుకు వంశమూలం అదే.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బీసీపీఎల్‌ను కుదించి బీ అనే భాష చేశాడు. 1972 జనవరి నాటి బీ భాష మాన్యువల్‌లో ప్రింట్ఎఫ్ పేరుతో ఒక ఫంక్షన్ పూర్తి పాఠం కనిపిస్తుంది. అది ఒక పేజీ కూడా నిండదు. అది వాడేవాళ్లకు మాత్రమే రాసింది కాదు, ఆ భాషలో ప్రోగ్రామ్ ఎలా రాయాలో చూపించే ఉదాహరణ కూడా. ఆ పేజీని శ్రద్ధగా చదివితే చాలు, ఈ విద్య అంతా అర్థమవుతుంది.

పని ఇలా సాగుతుంది. ఫార్మాట్ వాక్యంలో ఒక్కో అక్షరం తీసుకో. అది % కాకపోతే ఉన్నదున్నట్టు బయటికి పంపు. % అయితే తర్వాతి అక్షరం చూడు. డి అయితే దశాంశ పద్ధతిలో, ఓ అయితే ఎనిమిది ఆధారంగా సంఖ్య అచ్చు వెయ్యి. సి అయితే ఒక అక్షరం, ఎస్ అయితే ఒక మాట మొత్తం. ఇవేవీ కాకపోతే % గుర్తునే అచ్చు వేసి ముందుకు పో. వాక్యం ముగిసేదాకా ఇదే.

సంఖ్యను అచ్చు వేసే భాగం ఇంకా ముచ్చటైనది. 347ను పదితో భాగిస్తే శేషం 7, భాగఫలం 34. మళ్లీ భాగిస్తే శేషం 4, భాగఫలం 3. అంకెలు దొరుకుతాయి కానీ వెనకనుంచి దొరుకుతాయి. చివరి అంకె మొదట వస్తుంది. దాన్ని సరిచేయడానికి థాంప్సన్ రికర్షన్ వాడాడు. భాగఫలం సున్నా కాకపోతే ముందు దాన్ని అచ్చు వేయమని ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటుంది. ఆ పని ముగిశాకే తన శేషాన్ని పంపుతుంది. శేషానికి సున్నా అక్షరం కోడ్ కలిపితే ఆ అంకె అక్షరమవుతుంది. ఆస్కీలో సున్నా కోడ్ 48, దానికి 7 కలిపితే 55, అదే '7' అనే అక్షరం. సంఖ్య అక్షరంగా మారే ఘట్టం ఇంతే.

ఆ పేజీలోనే ఒక ఉచ్చు కూడా ఉంది. రుణ సంఖ్య వస్తే మైనస్ గుర్తు పంపి, గుర్తు తిప్పి, ధన సంఖ్యగా అచ్చు వేస్తారు. ఈనాటి 32 బిట్ల సంఖ్యల్లో అతి చిన్నది -2147483648. అతి పెద్దది 2147483647 మాత్రమే. కనుక ఆ అతి చిన్నదాని గుర్తు తిప్పితే పట్టే చోటు లేదు. సొంతంగా ప్రింట్ఎఫ్ రాసే ప్రతి విద్యార్థీ ఈ రాయికి కాలు తగిలించుకుంటాడు. సి భాష మీద కెర్నిహాన్, రిచీలు రాసిన పుస్తకం రెండో ముద్రణలో ఇది అభ్యాసంగా కూడా ఉంది. సంఖ్యను గుర్తులేని రకంలోకి మార్చి భాగించడం ఒక మందు, రుణంగానే ఉంచి భాగిస్తూ పోవడం ఇంకో మందు.

సి భాష, చుక్కల వరస

డెనిస్ రిచీ బీ నుంచి సి భాషను పెంచాడు. మైక్ లెస్క్ రాసిన పోర్టబుల్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ ప్యాకేజీ క్రమంగా మారి స్టాండర్డ్ ఐఓ లైబ్రరీ అయింది. 1978లో కెర్నిహాన్, రిచీల పుస్తకం వచ్చాక ప్రింట్ఎఫ్ ప్రపంచమంతటా పరిచయమైంది.

బీలో అన్ని విలువలూ ఒకే వెడల్పు. మొదటి విలువ చిరునామా తెలిస్తే ఒక్కో అడుగు వేసుకుంటూ మిగతావి అందుకోవచ్చు. సిలో అలా కాదు, రకాలు వచ్చాయి. ఒక్కో రకానికి ఒక్కో వెడల్పు. పీడీపీ-11 యంత్రంలో విలువలను కుడినుంచి ఎడమకు స్టాక్ మీద పెట్టేవారు కనుక ఫార్మాట్ వాక్యం ఎప్పుడూ పైనే దొరికేది, దాన్ని చదువుకుంటూ కిందికి దిగితే సరిపోయేది. యంత్రాలు పెరిగేకొద్దీ ఈ ఊహ నిలవలేదు. ఈనాటి 64 బిట్ల ఎక్స్86 లైనక్స్ యంత్రంలో మొదటి ఆరు పూర్ణాంకాలు ఒక గుంపు రిజిస్టర్లలో, దశాంశ సంఖ్యలు వేరే గుంపు రిజిస్టర్లలో ప్రయాణిస్తాయి, మిగిలినవే స్టాక్ మీదికి వెళతాయి. అందుకే %డి రాసి దశాంశ సంఖ్య ఇస్తే ఏదో పిచ్చి అంకె వస్తుంది. ఫంక్షన్ వెతికిన రిజిస్టర్ ఒకటి, విలువ ఉన్న రిజిస్టర్ ఇంకొకటి.

ఏ విలువ ఎక్కడుందో వెతుక్కునే చిక్కును 1989 నాటి ఆన్సీ ప్రమాణం తీర్చింది. ఫంక్షన్ ప్రకటనలో మూడు చుక్కలు పెట్టి, వీఏ-స్టార్ట్, వీఏ-ఆర్గ్, వీఏ-ఎండ్ అనే మూడు మాక్రోలతో విలువలను వరసగా అందుకోవచ్చు. యంత్రం ఏదైనా కంపైలరే ఆ తేడాలు చూసుకుంటుంది. కెర్నిహాన్, రిచీల పుస్తకం 1988 రెండో ముద్రణలో ఈ పద్ధతి వివరించడానికి మిన్‌ప్రింట్ఎఫ్ అనే చిన్న సొంత ఫంక్షన్ రాసి చూపారు. సొంత ప్రింట్ఎఫ్ రాయడాన్ని పాఠంగా నిలబెట్టిన పేజీలు అవే.

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. మూడు చుక్కల గుండా వెళ్లేటప్పుడు చిన్న పూర్ణాంకాలు ఇంట్‌గా, ఫ్లోట్ డబుల్‌గా మారిపోతాయి. కనుక %సి కోసం కూడా ఇంట్‌గానే అందుకోవాలి. రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఎన్ని విలువలు వచ్చాయో, ఏ రకానివి వచ్చాయో ఫంక్షన్‌కు తెలిసే మార్గం లేదు. ఫార్మాట్ వాక్యం చెప్పిందే దానికి వేదం. ఈ నమ్మకం మీదే ప్రింట్ఎఫ్ నడుస్తుంది, దెబ్బ తిన్నదీ ఈ నమ్మకం దగ్గరే.

దశాంశ సంఖ్యల లోతు

పూర్ణాంకం ఒక పూటలో రాసేయవచ్చు. దశాంశ సంఖ్య జీవితకాల పరిశోధన. 0.1 అనే విలువను రెండు ఆధారంగా కచ్చితంగా రాయలేం. డబుల్ రకంలో నిజంగా నిలిచేది 0.1000000000000000055511151231257827... అనే పొడవాటి సంఖ్య. దీన్ని ఎక్కడ ఆపాలి, తిరిగి చదివినప్పుడు అదే విలువ రావాలంటే కనీసం ఎన్ని అంకెలు కావాలి? గై స్టీల్, జాన్ వైట్ 1990లో ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకు గట్టి జవాబు ఇచ్చింది. అదే ఏడు డేవిడ్ గే రాసిన పద్ధతి ఎన్నో లైబ్రరీల్లోకి వెళ్లింది. 2010లో ఫ్లోరియన్ లాయిట్ష్ గ్రిసు అనే వేగవంతమైన పద్ధతినీ, 2018లో ఉల్ఫ్ ఆడమ్స్ ర్యూ పద్ధతినీ ప్రకటించారు. 1957లో మొదలైన ప్రశ్న మీద 2018లోనూ కొత్త జవాబు వచ్చిందంటే, ఈ విషయాన్ని చిన్నచూపు చూడటానికి ఎవరికీ హక్కు లేదు.

నమ్మకం తెగిన రోజులు

అచ్చును స్క్రీన్ మీదికి కాకుండా మెమరీలోకి రాసే ఎస్‌ప్రింట్ఎఫ్‌కు ఆ చోటు ఎంతో తెలియదు. నిండాక కూడా రాస్తూ పోతుంది. ఆ లోటును హద్దు తెలిసిన ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ తీర్చింది, 1999 ప్రమాణంలో దానికి చోటు దొరికింది. చోటు చాలకపోతే ఎంత కావలసి వచ్చేదో అది తిరిగి చెబుతుంది, దాన్ని చూసుకుని సరిపడా మెమరీ తీసుకోవచ్చు.

దానికంటే పెద్ద గండం ఫార్మాట్ వాక్యంలోనే పొంచి ఉంది. యూజర్ టైప్ చేసిన మాటను %ఎస్ ద్వారా పంపకుండా, నేరుగా ఫార్మాట్ వాక్యం స్థానంలో పెట్టి ప్రింట్ఎఫ్‌ను పిలిచే అలవాటు ఎన్నో ప్రోగ్రాముల్లో ఉండేది. ఆ మాటలో % గుర్తులుంటే ఫంక్షన్ లేని విలువల కోసం స్టాక్ తవ్వుకుంటూ పోతుంది. అంతటితో ఆగదు. %ఎన్ అనేది అచ్చు వేయదు, అప్పటిదాకా ఎన్ని అక్షరాలు వెళ్లాయో ఆ లెక్కను మెమరీలో రాస్తుంది. చదివే ఫంక్షన్ అనుకున్నది రాసే ఆయుధమైంది. 2000 సంవత్సరంలో డబ్ల్యూయూ-ఎఫ్‌టీపీడీ అనే సర్వర్‌లో ఈ లోపం బయటపడి, దూరంనుంచే యంత్రాన్ని పూర్తిగా చేజిక్కించుకునే వీలు కలిగింది. 2001 జనవరిలో రెడ్ హ్యాట్ లైనక్స్ యంత్రాల మీద పాకిన రామెన్ వర్మ్ మూడు వేర్వేరు ప్రోగ్రాముల్లోని ఇదే రకం లోపాలను వాడుకుంది.

ఆ దెబ్బ తర్వాత జాగ్రత్తలు పెరిగాయి. జీసీసీ కంపైలర్ ఫార్మాట్ వాక్యాన్నీ విలువలనూ పోల్చి హెచ్చరిస్తుంది. మనం రాసుకున్న సొంత ఫంక్షన్‌కు కూడా ఫార్మాట్ అనే ఆట్రిబ్యూట్ తగిలిస్తే అదే కాపలా దానికీ దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ లైబ్రరీ %ఎన్‌ను మామూలుగా పనిచేయకుండా ఆపేసింది. ఆండ్రాయిడ్ లైబ్రరీ అది కనిపిస్తే ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. అయినా 2021లో % గుర్తులతో నిండిన పేరున్న వైఫైకి కలిపితే ఐఫోన్‌లో వైఫై పనిచేయడం మానేసిన సంగతి వార్తల్లోకి వచ్చింది. యాభై ఏళ్ల నాటి నమ్మకం ఇంకా ఎక్కడో ఒకచోట కాపలా లేకుండా నిలబడే ఉంది.

సొంతంగా రాసుకున్నవాళ్లు

లైనక్స్ కెర్నెల్‌కు కింద ఏ లైబ్రరీ ఉండదు. అందుకే తన ప్రింట్ ఫంక్షన్‌ను తానే మోసుకొస్తుంది. లార్స్ విర్జేనియస్, లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ ఫంక్షన్ తన ఇంటి అవసరాలకు కొత్త గుర్తులు చేర్చుకుంది. ఐపీ చిరునామాకు ఒకటి, నెట్‌వర్క్ కార్డు చిరునామాకు ఒకటి, కెర్నెల్ ఫంక్షన్ పేరుకు ఒకటి. మరోవైపు దశాంశ సంఖ్యలను, %ఎన్‌ను పక్కన పెట్టింది. 2018 జనవరిలో వచ్చిన 4.15 నుంచి %పి అసలు చిరునామాను చూపకుండా దాన్ని మరుగుపరిచి ఇస్తుంది. మెమరీ చిరునామా శత్రువు చేతికి చిక్కకూడదన్న జాగ్రత్త ఒక ప్రింట్ ఫంక్షన్‌లో ఇమిడింది.

మైక్రోకంట్రోలర్ల లోకం వేరు. ఆర్డువినో ఊనో ఆర్3 బోర్డులో పనికొచ్చే ర్యామ్ 2 కిలోబైట్లే. దాని లైబ్రరీలో మామూలుగా %ఎఫ్ రాస్తే అంకె బదులు ప్రశ్నార్థకం వస్తుంది, చోటు మిగల్చడం కోసం దశాంశ భాగాన్ని వదిలేశారు. ఇలాంటి బోర్డుల మీద పనిచేసే ఇంజినీర్లు చాలామంది తమకు కావలసిన నాలుగు గుర్తులతో సొంత ఫంక్షన్ రాసుకుంటారు. వాళ్లకు ఇది పాఠం కాదు, బతుకుతెరువు.

బెల్ ల్యాబ్స్ మాత్రం ఇంకో అడుగు వేసింది. ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ ప్రోగ్రామర్ అయినా తన సొంత రకానికి ఒక అక్షరం కేటాయించి, దాన్ని అచ్చు వేసే ఫంక్షన్‌ను ప్రింట్‌కు అప్పగించవచ్చు. గ్నూ సి లైబ్రరీలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. 2009లో ప్రకటించిన గో భాషలో రకానికే తనను తాను అచ్చు వేసుకునే శక్తి వచ్చింది. గో రూపకర్తల్లో కెన్ థాంప్సన్ ఒకడు. బీ భాషలో పేజీడు ప్రింట్ఎఫ్ రాసినవాడు మూడున్నర దశాబ్దాల తర్వాత ఈ భాష రూపకల్పనలోనూ ఉన్నాడు.

తెలుగు అక్షరం ముందు

మనకు దగ్గరి విషయం ఒకటి. "తెలుగు" అనే మాటను యూటీఎఫ్-8లో నిల్వ చేస్తే 18 బైట్లు. కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. సి ప్రింట్ఎఫ్ లెక్కపెట్టేది బైట్లనే. ఇరవై గడుల వెడల్పు అడిగితే పదిహేడు ఖాళీలు రావలసిన చోట రెండే ఖాళీలు వేస్తుంది, పట్టిక వంకరపోతుంది. నాలుగు వరకే అచ్చు వేయమంటే 'త' మూడు బైట్లూ వేసి, తర్వాతి గుర్తును ముక్క చేసి వదులుతుంది. సొంత ఫంక్షన్ రాసేవాళ్లు ఇక్కడ బైట్లు కాకుండా అక్షరాలు లెక్కపెట్టేలా రాసుకోవచ్చు.

తెలుగు అంకెలూ అంతే. ౦ నుంచి ౯ దాకా ప్రతి అంకెకూ మూడు బైట్లు: 224, 177, ఆపైన 166కు ఆ అంకె కలిపిన విలువ. థాంప్సన్ 48 కలిపిన చోట ఈ మూడు బైట్లు పంపితే 347 కాస్తా ౩౪౭ అవుతుంది. కామాల విషయానికొస్తే, పోసిక్స్ ప్రమాణంలో ఒక అపాస్ట్రఫీ గుర్తు పెడితే లోకేల్‌ను బట్టి కామాలు పడతాయి, భారతీయ లోకేల్ ఉంటే 1,23,45,678 వస్తుంది. లోకేల్ లేని చిన్న బోర్డు మీద మాత్రం మన చేత్తో రాసుకోవలసిందే: కుడినుంచి మొదట మూడు అంకెలకు ఒక కామా, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి.

మిగిలిన మాట

ఆక్, పెర్ల్, పైథాన్, జావా, షెల్ అన్నీ ప్రింట్ఎఫ్ గుర్తులను అరువు తెచ్చుకున్నవే. రస్ట్‌లోనూ, 2020 సి++ ప్రమాణంలోనూ ఫార్మాట్ వాక్యాన్ని కంపైల్ చేసేటప్పుడే సరిచూస్తారు, పాత నమ్మకం స్థానంలో తనిఖీ వచ్చింది. సి కూడా ఆగలేదు, సి23 ప్రమాణంలో రెండు ఆధారంగా అచ్చు వేసే %బి చేరింది.

ఇంత చరిత్ర ఉన్న ఫంక్షన్‌ను మన కాలేజీలు మొదటి గంటలో పరిచయం చేసి వదిలేస్తున్నాయి. పారిస్‌లో 2013లో మొదలైన 42 స్కూల్ విద్యార్థుల చేత సొంత ప్రింట్ఎఫ్ రాయిస్తుంది. మన ల్యాబుల్లోనూ అది జరగాలి. ఈ ఒక్క అభ్యాసంలో పాయింటర్లు, రికర్షన్, స్టాక్, రిజిస్టర్లు, రకాల మార్పిడి, బఫర్ హద్దు, భద్రత, యూనికోడ్ అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడతాయి. వైవాలో అడిగే పది ప్రశ్నలకు బట్టీపట్టిన జవాబులకంటే, రాసి, విరిచి, మళ్లీ నిలబెట్టిన వంద వరసల ఫంక్షన్ ఎక్కువ నేర్పుతుంది.

సి చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఇదే. సెమిస్టర్ ముగిసేలోపు %డి, %సి, %ఎస్, %ఎక్స్ నాలుగింటితో ఒక సొంత ప్రింట్ఎఫ్ రాయండి. -2147483648 ఇచ్చి చూడండి, ఖాళీ పాయింటర్ ఇచ్చి చూడండి, "తెలుగు" అని ఇచ్చి చూడండి. ఎక్కడ విరిగిందో అక్కడే మీ చదువు మొదలవుతుంది.